మోకాళ్ల ఆపరేషన్ అయి అమ్మ ఇంటికొచ్చేలోపు ఇల్లు ఎలా సిద్ధం చేయాలి

"ఆపరేషన్‌కి తేదీ ఖాయమైంది. ఇంట్లో ఏమేం మార్చి పెట్టాలి?" ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. డాక్టరు గురించి, ఆసుపత్రి గురించి, ఖర్చు గురించి నెలల తరబడి వాకబు చేసినవాళ్లు కూడా డిశ్చార్జి రోజు సాయంత్రం బాత్‌రూమ్ గుమ్మం దగ్గర ఆగిపోతారు. వాకర్ తలుపులో పట్టదు. కమోడ్ మీద కూర్చుంటే లేవడం కుదరదు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపుతారు. అంతవరకూ ఇంటినంతా తన చేతుల మీద నడిపిన మనిషికి ఆ ఇబ్బంది మోకాలి నొప్పికంటే ఎక్కువ బాధ పెడుతుంది.

అందుకే ఈ పనికి గురి ఒక్కటే పెట్టుకోండి: అర్ధరాత్రి రెండింటికి అమ్మ ఎవరినీ లేపకుండా లేచి, బాత్‌రూమ్‌కి వెళ్లి, తిరిగి వచ్చి పడుకోగలగాలి. అది కుదిరితే మిగతావన్నీ సులువు. మొదటి కొన్ని రోజులు ఎవరైనా పక్కన ఉండి తీరాలని డాక్టరు అంటే ఉండాల్సిందే. అప్పుడు కూడా మీరు మోసేవాళ్లుగా కాక తోడుగా ఉంటే చాలు.

ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టండి. కొలతలు తీసుకోవడానికి అమ్మ ఇంట్లో ఉండాలి, డ్రిల్లింగ్ దుమ్ము తగ్గాలి, సిలికాన్ ఆరాలి. అమ్మ ఆసుపత్రిలో ఉన్న మూడు నాలుగు రోజుల్లో చేద్దామనుకుంటే ఆ రోజుల్లో మీకు ఇంటికొచ్చే తీరికే ఉండదు.

కావలసినవి

- టేపు, సుద్దముక్క, పెన్సిల్, రసమట్టం
- స్టెయిన్‌లెస్ స్టీల్ గ్రాబ్ బార్లు, అంటే పట్టుకోవడానికి గోడకు బిగించే కమ్మీలు, మూడు (304 గ్రేడు అని అడిగి తీసుకోండి, ఒక్కో కొసకు మూడు స్క్రూలు పట్టేవి)
- గోడకు సరిపడే ప్లగ్గులు (స్క్రూ పట్టడానికి రంధ్రంలో పెట్టేవి), స్టీల్ స్క్రూలు, టైల్ డ్రిల్ బిట్, సిలికాన్ ట్యూబు
- కమోడ్ సీటు ఎత్తు పెంచే రైజర్, లేదా చేతులున్న కమోడ్ కుర్చీ
- స్నానానికి వీపు, చేతులు ఉండి కాళ్లకు రబ్బరు బుష్‌లున్న కుర్చీ
- కదలిక పసిగట్టి వెలిగే చిన్న రాత్రి లైట్లు మూడు నాలుగు, కరెంటు పోయినా వెలిగే చార్జింగ్ బల్బు ఒకటి
- వైర్‌లెస్ కాలింగ్ బెల్: రెండు బటన్లు, ఒక గంట
- వాకర్ (చాలాచోట్ల అద్దెకు కూడా దొరుకుతుంది)

కొలతలు తీసుకోకుండా ఇందులో ఏ ఒక్కటీ కొనకండి.

1. ముందు మనిషిని కొలవండి

మూడు కొలతలు చాలు. అమ్మ ఇంట్లో రోజూ తొడుక్కునే చెప్పులు వేసుకునే ఇవ్వాలి.

మొదటిది, మోకాలి మడత ఎత్తు. గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, అడుగులు నేలకు పూర్తిగా ఆనించమని చెప్పి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలవండి. ఐదడుగుల మనిషికి ఇది 15 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. దీనికి రెండు అంగుళాలు కలిపితే కుర్చీ, కమోడ్, మంచం ఉండాల్సిన ఎత్తు వస్తుంది. సీటు పల్లంగా ఉంటే లేచేటప్పుడు మోకాలు బాగా మడవాలి, బరువంతా దాని మీదే పడుతుంది. మరీ ఎత్తయితే వేళ్లు మాత్రమే నేలకు తగిలి, మనిషి ముందుకు జారుతుంది.

రెండోది, మణికట్టు ఎత్తు. నిటారుగా నిలబడి చెయ్యి వదులుగా వేలాడేసినప్పుడు మణికట్టు గీత నుంచి నేల దాకా. వాకర్ పిడి ఈ ఎత్తులో ఉండాలి. అప్పుడు పిడి పట్టుకుంటే మోచెయ్యి కొద్దిగా మాత్రమే వంగుతుంది.

మూడోది, చెయ్యి అందే ఎత్తులు: నడుము దగ్గర ఒకటి, భుజం దగ్గర ఒకటి. రాబోయే మూడు నెలలు అమ్మ వాడే ప్రతి వస్తువూ ఈ రెండింటి మధ్యే ఉండాలి.

ఆపరేషన్ మోకాలికి కాక తుంటికి అయితే లెక్క మారుతుంది. కూర్చున్నప్పుడు మోకాలు తుంటికంటే కిందే ఉండాలని చాలామంది సర్జన్లు చెబుతారు కాబట్టి సీటు ఇంకాస్త ఎత్తు కావాల్సి రావచ్చు. మీ డాక్టరును, ఫిజియోథెరపిస్టును అడిగి ఆ అంకె రాసుకోండి.

2. అమ్మ వెనకాలే ఒకసారి ఇల్లంతా నడవండి

"నీకేం ఇబ్బందిగా ఉందమ్మా?" అని అడిగితే "ఏం లేదులే, నా కోసం ఇవన్నీ ఎందుకు, దండగ" అనే జవాబు వస్తుంది. ప్రశ్న మార్చండి. "మంచం మీంచి ఎలా లేస్తున్నావో ఒకసారి చూపించు" అనండి. చూపిస్తున్నప్పుడు సాయం చేయకండి, సలహా ఇవ్వకండి. చెయ్యి ఎక్కడికి పోతోందో మాత్రం చూడండి.

మోకాళ్ల నొప్పులు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఇంట్లో తమకు కావలసిన ఆసరాలు ఎప్పుడో వెతుక్కుని ఉంటారు. బాత్‌రూమ్ తలుపు పక్కన గోడ మీద జిడ్డుగా ఓ చేతి మరక, ఒకవైపు వంగిన టవల్ రాడ్, వదులైన వాష్ బేసిన్, తలుపు చెక్కకు రంగు పోయిన చోటు. వీటి ప్రతి దాని దగ్గరా సుద్దతో గుర్తు పెట్టండి. గ్రాబ్ బార్ ఎక్కడ కావాలో ఏ పుస్తకం చెప్పినదానికన్నా ఆ మరక కచ్చితంగా చెబుతుంది. పైగా ఆ చెయ్యి అలవాటు కొద్దీ రేపు కూడా అక్కడికే పోతుంది. వంగిన టవల్ రాడ్ ఉన్న చోట బార్ రాకపోతే, ఏదో ఒకరోజు ఆ రాడ్ ఊడి చేతికొస్తుంది.

అలాగే మంచం నుంచి కమోడ్ దాకా దారి వెడల్పు కొలవండి. వాకర్ వెడల్పు సాధారణంగా 20 నుంచి 24 అంగుళాలు ఉంటుంది. దారిలో 30 అంగుళాలైనా ఖాళీ లేకపోతే బీరువానో, టీపాయో, నీళ్ల క్యానో పక్కకు జరగాలి.

3. బాత్‌రూమ్ తలుపు

తలుపు పూర్తిగా తెరిచి, తలుపు రెక్క నుంచి ఎదుటి చౌకట్టు దాకా నిజంగా మిగిలిన ఖాళీ కొలవండి. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ తలుపు చెప్పుకోవడానికి రెండున్నర అడుగులు. చౌకట్టు, రెక్క మందం పోగా మిగిలేది అంతకంటే బాగా తక్కువ. వాకర్ కొనేముందు ఈ అంకె చేతిలో ఉండాలి.

ఖాళీ చాలకపోతే మొదటి రెండు నెలలకు రెక్క తీసేసి, దళసరి కర్టెన్ నేల వరకు కట్టండి. కర్టెన్ వద్దని అమ్మ అంటే బలవంతపెట్టకండి. బయటికి మడిచే పీవీసీ తలుపు పెట్టించండి.

ఖాళీ సరిపోయినా తలుపు లోపలికి తెరుచుకుంటే వడ్రంగిని పిలిచి మడతబందులు మార్పించి బయటికి తెరుచుకునేలా చేయించండి. లోపల మనిషి పడిపోతే ఆ మనిషే తలుపుకు అడ్డం పడి, బయటివాళ్లు తెరవలేకపోతారు. లోపలి గడియ తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగల తాళం వేయించండి. ఈ మొత్తం జాబితాలో ఒక్క పనికే సమయం ఉంటే ఇదే చేయండి.

4. గ్రాబ్ బార్లు

ఇక్కడ తొందర పనికిరాదు. సరిగ్గా బిగించని బార్ ఉండటంకంటే అసలు లేకపోవడమే మేలు. లేనప్పుడు మనిషి జాగ్రత్తగా ఉంటుంది, ఉన్నప్పుడు నమ్మి బరువు వేస్తుంది.

*ఎలాంటిది:* గొట్టం మందం సుమారు ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళం. పిడికిలి చుట్టూ పట్టాలి. గోడకూ బార్‌కూ మధ్య ఒకటిన్నర అంగుళం సందు చాలు. సందు ఎక్కువుంటే జారినప్పుడు ముంజెయ్యి అందులోకి దూరి ఇరుక్కుంటుంది. నున్నగా మెరిసేదానికన్నా కాస్త గరుకుగా ఉన్నది తడిచేతికి మంచిది. గాలి పీల్చుకుని గోడకు అతుక్కునే సక్షన్ బార్లను శరీర బరువుకు వాడకండి. అవి ఎప్పుడు పట్టు వదులుతాయో పైకి తెలియదు.

*ఎక్కడ:* మూడు చోట్ల. గుమ్మం పక్కన నిలువుగా ఒకటి, కమోడ్ పక్క గోడకు ఒకటి, స్నానం చేసే కుర్చీ పక్కన ఒకటి. కమోడ్ దగ్గర ఒకే బార్‌తో రెండు పనులూ చేసే ఎల్ ఆకారపుది దొరికితే అదే తీసుకోండి. కూర్చునేటప్పుడు అడ్డకమ్మీని నొక్కుతారు, లేచేటప్పుడు నిలువు కమ్మీని లాగుతారు.

*ఎంత ఎత్తు:* అమెరికా ప్రమాణాల్లో కమోడ్ పక్క అడ్డకమ్మీ నేల నుంచి 33–36 అంగుళాలు. ఇంటర్నెట్‌లో చూసి అదే అంకె మేస్త్రికి చెప్పేవాళ్లు ఎక్కువ. ఐదడుగుల అమ్మ కూర్చుని 34 అంగుళాల ఎత్తులో చెయ్యి పెడితే భుజం పైకి లేస్తుంది తప్ప బరువు నొక్కడం కుదరదు. అమ్మను కమోడ్ మీద (రైజర్ పెట్టిన తర్వాత) కూర్చోబెట్టండి. మోచెయ్యి కాస్త వంచి, పిడికిలి గోడకు ఆనించమనండి. అక్కడ గీత. సాధారణంగా సీటుకు 8 నుంచి 10 అంగుళాల పైన వస్తుంది. తర్వాత ముందుకు వంగి లేవబోతున్నట్టు చేయమనండి. చెయ్యి ఎక్కడికి చాస్తే సుఖంగా ఉందో అక్కడ నిలువు కమ్మీకి గీత. సీటు ముందు అంచు దాటి ఓ జానెడు ముందుకు వస్తుంది.

*గోడ ఏమిటో తెలుసుకోండి:* మొదటి రంధ్రంలోంచి రాలే పొడి చూడండి. ఎర్రటి పొడి వస్తే ఇటుక. బూడిద రంగు పొడి, బిట్ కష్టంగా దిగుతుంటే కాంక్రీటు. తెల్లటి మెత్తటి పొడి జలజలా రాలితే ఈ మధ్య అపార్ట్‌మెంట్లలో వాడుతున్న తేలిక ఏఏసీ బ్లాకు. టైలు, ప్లాస్టరింగ్ దాటాక వచ్చే పొడినే లెక్కలోకి తీసుకోవాలి. ఉన్నట్టుండి బిట్ ఖాళీలోకి దూసుకుపోతే లోపల బోలుగా ఉన్న బ్లాకు.

ఇటుక గోడకు పొడవాటి నైలాన్ ప్లగ్గులు వాడండి. ప్లాస్టరింగ్, టైలు మందం పోగా ఇటుకలోకే రెండు అంగుళాలు దిగాలి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో ఇనుప యాంకర్ బోల్టు బిగిస్తే వ్యాకోచించి ఇటుకనే పగలగొడుతుంది. అది కాంక్రీటుకే. ఏఏసీ, బోలు బ్లాకులకు మామూలు ప్లగ్గు నిలవదు. గోడ అవతలి వైపు నుంచి స్టీల్ పలక పెట్టి, ఆరపార బోల్టు వేయించడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. అవతల పడకగదిలో ఆ పలక కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

*రంధ్రం వేసే తీరు:* కుళాయికి, మిక్సర్‌కి, గీజర్ పాయింటుకి నేరుగా పైనా కిందా గోడలో పైపులుంటాయి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన వైర్లుంటాయి. ఆ నిలువు గీతల్లో డ్రిల్ పెట్టకండి. పని జరుగుతున్నంతసేపు మెయిన్ స్విచ్, నీళ్ల వాల్వు కట్టేయండి, డ్రిల్‌కి కరెంటు పక్కింటి నుంచి తెచ్చుకున్నా సరే. టైలు మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గుర్తు పెడితే బిట్ జారదు. టైలు దాటేదాకా హ్యామర్ మోడ్ (డ్రిల్ దెబ్బ కొడుతూ తిరిగేది) ఆపి నెమ్మదిగా, దాటాక బిట్ మార్చి హ్యామర్‌తో. మేస్త్రి "ఏం కాదు సార్" అని మొదటి నుంచీ హ్యామర్ పెడితే టైలు చిట్లుతుంది. చిట్లిన టైలు మీద బార్ బిగించనివ్వకండి. టైలు అంచుకు అంగుళం లోపల రంధ్రం పడకుండా చూసుకోండి.

ప్లగ్గు పెట్టేముందు రంధ్రంలోని పొడి పూర్తిగా ఊదేయాలి. పొడి మిగిలితే స్క్రూ తిప్పుతుంటే ప్లగ్గు కూడా తిరుగుతుంది. అలా తిరిగిన ప్లగ్గులో అగ్గిపుల్ల ముక్కలు కుక్కి బిగించడం మన దగ్గర మామూలే. అద్దం తగిలించడానికి అది పర్వాలేదు, మనిషి ఆధారపడే బార్‌కి అస్సలు వద్దు. పెద్ద సైజు ప్లగ్గుతో మళ్లీ వేయించండి. చివరగా గోడకు ఆనే బార్ కొస పలక చుట్టూ సిలికాన్ పూసి ఒక రోజు ఆరనివ్వండి.

*పరీక్ష:* ఇంట్లో అందరికన్నా బరువైన మనిషి రెండు చేతులతో బార్ పట్టుకుని, వెనక్కి వాలి పూర్తి బరువు వేయాలి. తర్వాత కిందికి వేలాడాలి. తర్వాత పక్కలకు గుంజాలి. కిర్రుమన్నా, పలక వెంట్రుకవాసి కదిలినా విప్పి మళ్లీ బిగించాలి. ఒక రోజు తర్వాత ఇదే పరీక్ష ఇంకోసారి.

కమోడ్ పక్కన చేతికందే దూరంలో గోడే లేకపోతే, కమోడ్ చుట్టూ నిలబడి సీటు బోల్టులకే బిగుసుకునే ఫ్రేమ్ దొరుకుతుంది. విడిగా నిలబడే ఫ్రేమ్ వద్దు, పక్కకు నొక్కితే ఒరుగుతుంది.

5. కమోడ్ ఎత్తు

మామూలు కమోడ్లు సీటుతో కలిపి 15–16 అంగుళాలుంటాయి. అమ్మకు కావలసింది 17 అనుకుంటే రెండు అంగుళాల రైజర్ చాలు. షాపువాడు అలవాటుగా నాలుగు, ఆరు అంగుళాలవి చేతిలో పెడతాడు. ఆరంగుళాలది పెడితే పొట్టి మనిషికి కాళ్లు వేలాడతాయి. పక్కన మరతో బిగించేదే తీసుకోండి. ఊరికే పైన కూర్చునేది పక్కకు వాలగానే జారుతుంది. బిగించాక ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి ఒరిగి కూర్చుని చూడండి.

ఇంట్లో ఇండియన్ పద్ధతి మరుగుదొడ్డే ఉంటే గొంతుక్కూర్చోవడం ఇక కుదరదు. నాలుగు కాళ్లు, చేతులు, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీని పాన్ మీద నిలబెట్టుకోవచ్చు. అడుగు పెట్టే రెండు గట్ల మీద కుర్చీ కాళ్లు పడితే ఊగుతుంది. నాలుగు కాళ్లూ సమంగా నేల మీదే ఆనేంత వెడల్పుది చూసి తీసుకోండి. పల్లెటూళ్లో బాత్‌రూమ్ పెరట్లో ఉంటే, కింద డబ్బా ఉండే కమోడ్ కుర్చీని రాత్రిపూట మంచం పక్కనే పెట్టండి. చుట్టూ తెర కట్టండి. తెర లేకపోతే అమ్మ దాన్ని వాడదు, సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. ఇలా నీళ్లు మానేయడం చాలా ఇళ్లల్లో ఎవరూ గమనించరు.

హెల్త్ ఫాసెట్ అమ్మ వాడే చేతివైపు, కూర్చున్నచోటి నుంచి వెనక్కి తిరగకుండా అందాలి. చెంబు అలవాటుంటే బకెట్‌ను నేల మీద కాకుండా ఎత్తుపీట మీద పెట్టండి.

6. స్నానం

కుట్టు మానేదాకా స్నానం ఎప్పుడు, ఎలా అన్నది డాక్టరు చెప్పినట్టే. ఆ తర్వాతి ఏర్పాటు ఇది.

స్నానపు కుర్చీ ఎత్తు కూడా మోకాలి మడతకు రెండు అంగుళాలు పైన. చేతులు లేని ప్లాస్టిక్ స్టూలు వద్దు, తల రుద్దుకునేటప్పుడు కళ్లు మూసుకుంటే మనిషి వెనక్కి పోతుంది. చేతి షవర్ ఉంటే మంచిది. లేకపోతే పెద్ద బకెట్ బదులు పది లీటర్ల చిన్న బకెట్‌ను గట్టి పీట మీద, కుర్చీ పక్కన పెట్టండి. ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు పోయాలి. గీజర్‌ను 50 డిగ్రీల లోపే ఉంచండి. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు ఈ బాత్‌రూమ్‌లోకి రానే రాకూడదు.

సబ్బు జారి కింద పడితే అమ్మ వంగి తీస్తుంది, మీరు ఎన్నిసార్లు వద్దన్నా. పంపు నొక్కితే వచ్చే ద్రవం సబ్బు కుర్చీ పక్కన పెట్టండి, లేదా సబ్బును వల సంచిలో వేసి కుర్చీ చేతికి కట్టండి.

తలంటి రోజు ప్రత్యేకంగా జాగ్రత్త. నూనె పడిన నేల మీద ఏ మ్యాటూ నిలవదు. నూనె గదిలోనే, కుర్చీలో కూర్చోబెట్టి రాయండి. అరికాళ్లకు రాయొద్దు. స్నానం అయ్యాక నేలను సబ్బుపొడితో కడిగి వైపర్‌తో లాగేయండి.

7. నేల, గడపలు

బాత్‌రూమ్‌లో సక్షన్ కప్పుల మ్యాట్ నున్నటి టైలు మీదే పట్టుకుంటుంది. గరుకు టైలు మీద, సబ్బు పేరుకున్న నేల మీద జారుతుంది. పరిచాక నీళ్లు పోసి, సబ్బు నురగ వేసి, మీరు చెప్పులు లేకుండా కాలితో గట్టిగా నెట్టి చూడండి. కదిలితే తీసేయండి. ఇంట్లోని గుడ్డ డోర్‌మ్యాట్లన్నీ ఎత్తేయండి. వాకర్ కాలు ఇరుక్కునేది వాటి అంచుల్లోనే.

బాత్‌రూమ్ గుమ్మం దగ్గర రెండంగుళాల పల్లం చాలా ఇళ్లల్లో ఉంటుంది. సిమెంటుతో పూడ్చేస్తే నీళ్లు గదిలోకి వస్తాయి. చెక్క పలక వేస్తే తడికి ఉబ్బి, వంకర తిరిగి, ఊగుతుంది. అంచు వెంట కొట్టొచ్చినట్టు కనిపించే పసుప్పచ్చ టేపు అంటించి, నిలువు బార్ పట్టుకుని దిగడం నేర్పించడమే మంచిది.

వీధి గుమ్మం గడప తీయాల్సిన పనిలేదు, తీయనివ్వరు కూడా. ఆపరేషన్ అయిన కొత్తలో చక్రాల కుర్చీలో తీసుకురావాలంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్కన ఏటవాలు పలక కావాలి: రెండంగుళాల గడపకు రెండడుగులు, లోపలా బయటా. వాకర్‌తో నడిచేవాళ్లకు పలకకన్నా చౌకట్టుకు బిగించిన నిలువు పిడే ఎక్కువ ఉపయోగం. శుక్రవారం గడపకు పసుపు రాసినప్పుడు, ఆరని పసుపు మీద కాలు పడితే జారుతుంది. ఈ మూడు నెలలు గడప రెండు కొసలకే రాసి, అడుగు పడే మధ్యభాగం వదిలేయమని అమ్మను ముందే ఒప్పించండి. కళ్లాపి చల్లిన వాకిలి ఆరేదాకా బయటికి నడక వద్దు.

8. మంచం, కుర్చీ

పరుపు మీద అమ్మ కూర్చున్నాక కొలవండి. ఫోమ్ పరుపు రెండు మూడు అంగుళాలు దిగుతుంది. నవారు మంచం, నులక మంచం పనికిరావు, మధ్యలో కుంగి లేవనివ్వవు. ఎత్తు చాలకపోతే ఇటుకలు పెట్టకండి, మంచం జరిగితే కోడు జారి పడిపోతుంది. మంచం కోడు దిగేలా అంగుళం లోతు గుంట తీసిన చెక్క దిమ్మలు వడ్రంగి చేత చేయించండి. నాలుగూ ఒకే ఎత్తు ఉన్నాయో లేదో రసమట్టంతో చూడండి. ఏ వైపు నుంచి దిగడం సుఖమో ఫిజియోథెరపిస్టును అడిగి, ఆ వైపు మూడడుగుల ఖాళీ వదలండి.

మోకాలి కింద దిండు పెడితే హాయిగా ఉంటుందని ఇంట్లోవాళ్లు ప్రేమగా పెడుతుంటారు. మోకాలు మడతలోనే బిగుసుకుపోతుందని ఫిజియోథెరపిస్టులు అది వద్దంటారు. దిండు ఎక్కడ పెట్టాలో వాళ్లనే అడిగి, మంచం తల దగ్గర కాగితం మీద రాసి అంటించండి.

సోఫా వద్దు. గట్టి సీటు, రెండు చేతులు ఉన్న చెక్క కుర్చీ ఒకటి టీవీ దగ్గర, ఒకటి పూజగది ముందు. పూజ సామాను చిన్న బల్ల మీదికి ఎక్కించండి. దీపం వెలిగించడానికి వంగాల్సి వస్తే చూడకుండా వంగుతుంది.

9. వెలుతురు, గంట

మంచం పక్కన, దారి మలుపులో, బాత్‌రూమ్ గుమ్మం దగ్గర రాత్రి లైట్లు. నేలకు అడుగు ఎత్తులో ఉంటే కళ్లలో కొట్టకుండా అడుగు పడేచోటు చూపిస్తాయి. కరెంటు పోయినప్పుడు ఇవి ఆరిపోతాయి కాబట్టి బాత్‌రూమ్‌లో చార్జింగ్ బల్బు పెట్టండి.

కాలింగ్ బెల్ బటన్ ఒకటి మంచం దగ్గర, ఇంకోటి బాత్‌రూమ్‌లో నేలకు అడుగు ఎత్తులో. మామూలు స్విచ్ ఎత్తులో పెడితే కిందపడ్డ మనిషికి అందదు. తలుపులన్నీ మూసి, ఫ్యాన్లు వేసి, మీ గదిలో గంట వినిపిస్తోందో లేదో చూడండి.

10. వాకర్, దాని సంచి

నాలుగు కాళ్లూ ఒకే ఎత్తు రంధ్రాల్లో క్లిక్‌మని పడ్డాయో లేదో, రబ్బరు బుష్‌లు అరిగాయో లేదో చూసుకోండి. రెండు చేతులూ వాకర్ మీద ఉంటే నీళ్ల సీసా, ఫోను, కళ్లజోడు ఎక్కడ? పాత చీర అంచుతోనో, గట్టి కాటన్ గుడ్డతోనో 14 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు సంచి కుట్టండి. ముందువైపు మూడు అరలు: ఫోనుకు సన్నగా, కళ్లజోడుకు మెత్తటి అస్తరుతో, మందులకు గుండీ పెట్టి. నాడాలు మూడు చోట్ల గట్టిగా కట్టాలి, వేలాడి కాలికి తగలకూడదు. కిలోకు మించి బరువు వేస్తే వాకర్ ముందుకు ఒరుగుతుంది. రంగు అమ్మనే ఎంచుకోనివ్వండి. ఈ మొత్తం పనిలో చుట్టాలకు చూపించుకుని మురిసేది ఈ సంచే.

చీర కుచ్చిళ్లు, లంగా అంచు చీలమండకు రెండంగుళాల పైన ఉండాలి. నాన్నగారైతే పంచె, లుంగీ విషయంలో ఇదే జాగ్రత్త. చెప్పులకు మడమ వెనక పట్టీ ఉండాలి. హవాయి చెప్పులు దాచేయండి.

11. రిహార్సల్

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు, రాత్రిపూట మామూలు లైట్లన్నీ ఆర్పి, అమ్మ చేత వాకర్‌తో ఒకసారి అంతా చేయించండి: మంచం మీంచి లేవడం, నడవడం, తలుపు తీయడం, బార్ పట్టుకుని దిగడం, కూర్చోవడం, నీళ్లు అందుకోవడం, లేవడం, తిరిగి రావడం. మీరు పక్కన ఉండండి, ముట్టుకోకండి. ఎక్కడ ఆగిందో, ఎక్కడ "ఉండు ఉండు" అందో అక్కడ ఇంకా పని మిగిలుంది. ఒక్క చోటైనా గోడను తడుముకుంటే అక్కడ బార్ అయినా, లైటైనా కావాలి.

అమ్మ మారుమాట లేకుండా గబగబా చేసేసి, వెళ్లి పడుకుందంటే ఏర్పాటు కుదిరినట్టే. ఎవరూ మెచ్చుకోరు, అమ్మకు అసలు తేడానే తెలియకపోవచ్చు. ఆ తెలియకపోవడంలో చేసినవాళ్లకు కలిగే తృప్తి మాత్రం చాలా పెద్దది.

ఇంటికొచ్చాక

మొదటి వారం చివర మళ్లీ కొలవండి. వాపు, నొప్పి వల్ల ముందు సరిపోయిన ఎత్తు ఇప్పుడు చాలకపోవచ్చు. బార్ మీద కాకుండా వాష్ బేసిన్ మీద చెయ్యి వేస్తుంటే బార్ తప్పు చోట ఉంది. మనిషికి నచ్చజెప్పడం మాని బార్ మార్చండి. వారానికోసారి బార్ల స్క్రూలు, రైజర్ మర, వాకర్ బుష్‌లు చూడండి. డాక్టరు సరేనన్నాక రైజర్, స్నానపు కుర్చీ తీసేయవచ్చు. అవి బాగానే ఉంటే కడిగి ఆరబెట్టి, కొలతల కాగితంతో సహా అట్టపెట్టెలో ఉంచండి. రెండో మోకాలి ఆపరేషన్‌కో, పక్కింటివాళ్లకో కావలసి వస్తాయి. గ్రాబ్ బార్లు మాత్రం తీయకండి.